రాసుకున్న కథ వేరు, అతికించిన ముఖం వేరు

2023 నవంబరులో రష్మిక మందన్నదని తిరిగిన లిఫ్ట్ వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. లిఫ్ట్‌లోకి వచ్చిన అమ్మాయి బ్రిటన్‌లో ఉండే మరో యువతి. ఆమె ఒంటికి ఏఐతో రష్మిక ముఖం తగిలించారు, డీప్‌ఫేక్ అంటారు దీన్ని. ఢిల్లీ పోలీసులు కేసు పెట్టి, 2024 జనవరిలో గుంటూరులో ఒక కుర్రాణ్ణి అరెస్టు చేశారు. ఇంజనీరింగ్ చదివినవాడు. అతను రష్మిక పేరు మీద ఒక ఫ్యాన్ పేజీ నడుపుతున్నాడనీ, ఫాలోవర్లు పెరుగుతారని ఆ వీడియో చేశాడనీ పోలీసులు చెప్పారు.

ఆ చివరి సంగతి నన్ను అప్పటినుంచీ వదల్లేదు. పోలీసులు చెప్పింది నిజమైతే, ఆమెను ఇష్టపడేవాళ్లని పోగేయడానికి పెట్టిన పేజీ కోసమే ఆమెను దేశం ముందు నిలబెట్టి అవమానించారు. పగబట్టిన వాడెవడో చేసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

మా ఆఫీసు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంది. మధ్యాహ్నం తెలుగువాళ్లమంతా ఒకే బల్ల దగ్గర చేరతాం. అరెస్టు వార్త వచ్చినప్పుడు అక్కడ ఒకటే చర్చ. మా టీమ్‌లో పెద్దాయన ఒకరు, మంచి మనిషి, కోపంగా అన్నారు: “ఈ ఫ్యాన్ కంటెంట్ అంతా బ్యాన్ చేసి పారేయాలండీ. బొమ్మలు, ఎడిట్లు, కథలు, ఏదైనా సరే. అంతా ఒకటే బురద.” చుట్టూ అందరూ తలూపారు. నేను ఊపలేదు. అంతా ఒకటి కాదని నా గట్టి నమ్మకం. అన్నిటినీ ఒకే గాటన కడితే రష్మిక లాంటివాళ్లకి జరిగిన అన్యాయమే చివరికి చిన్నదైపోతుందని కూడా నమ్ముతాను. అన్నం తినే టైములో చెప్పగలిగింది కొంచెమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి. కాలేజీ రోజులనుంచీ ఫ్యాన్ ఫిక్షన్ చదువుతున్నాను. తెలియనివాళ్లకి చెప్పాలంటే, నచ్చిన సినిమాలోంచో సిరీస్‌లోంచో పాత్రల్ని తీసుకుని అభిమానులు సొంతంగా రాసుకునే కథలు అవి. కొందరు పాత్రల్ని దాటి నిజమైన నటుల మీద, గాయకుల మీద కూడా రాస్తారు. వాటిలో కొన్ని పచ్చిగానే ఉంటాయి, పడగ్గది తలుపు వేయకుండా రాస్తారు. రాసేవాళ్లూ చదివేవాళ్లూ ఎక్కువమంది ఆడవాళ్లే. ఇది ఈ మధ్య పుట్టిన వింత కూడా కాదు. 1970లలోనే అమెరికాలో స్టార్ ట్రెక్ అనే టీవీ సిరీస్ అభిమానులు, ముఖ్యంగా స్త్రీలు, అందులోని మగ పాత్రలు కిర్క్, స్పాక్‌ల మధ్య ప్రేమను ఊహించుకుని కథలు రాశారు. చిన్న చిన్న పత్రికలుగా అచ్చువేసుకుని పోస్టులో పంచుకున్నారు.

ఇంటర్నెట్ వచ్చాక ఈ కథలకి ఒక చోట నిలకడ లేకుండా పోయింది. ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ 2002లో పెద్దలకు మాత్రమే అన్న కథల్ని తీసేసింది. 2007లో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైటు వందల అకౌంట్లను ఒక్కసారిగా మూసేసింది. ఆ ఏడే అభిమానులు లాభాపేక్ష లేని సంస్థ ఒకటి పెట్టుకుని, 2009లో ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే సైటు తెరిచారు. అందరూ ఏఓ త్రీ అంటారు. అక్కడ యాడ్స్ ఉండవు, కథ పెట్టి డబ్బు అడగకూడదు. ప్రతి కథ మీదా అది ఎవరి గురించి, ఎంత పచ్చిగా ఉంది, అందులో హింస ఉందా అన్నది ముందే రాసి ఉంటుంది. పెద్దలకు మాత్రమే అన్న కథ తెరవబోతే ఒకసారి ఆపి అడుగుతుంది. రాసినవాళ్లు కావాలనుకుంటే సభ్యులకు తప్ప బయటివాళ్లకి కనపడకుండా తాళం వేసుకోవచ్చు. నిజమైన మనుషుల మీద రాసేవాళ్లు చాలామంది ఆ తాళం వేస్తారు. 2019లో ఆ సైటుకి, సైన్స్ ఫిక్షన్ రంగంలో ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది.

ఆ తాళం గురించే నేను ఎక్కువ చెప్పదలుచుకున్నది. దానికి మా పిన్ని ఫోన్ సంగతి చెప్పాలి.

మా పిన్ని వాళ్లది నెల్లూరు. వాళ్లమ్మాయికి 24 ఏళ్లు, ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం, బొమ్మనహళ్లిలో పీజీలో ఉంటుంది. కొరియా గాయకులు ఇద్దరి మీద, ఇద్దరూ ముప్ఫైకి దగ్గరపడినవాళ్లు, ప్రేమ కథలు రాస్తుంది. కొన్ని పచ్చిగా ఉంటాయి. పండక్కి ఇంటికెళ్లినప్పుడు బంధువులమ్మాయి ఎవరో ల్యాప్‌టాప్‌లో చూసి పిన్నికి చెప్పేసింది. పిన్ని నాకు ఫోన్ చేసింది.

“ఏమ్మా, పెద్దదానివి, నువ్వయినా చెప్పొద్దా? పెళ్లి కావాల్సిన పిల్ల, ఆ రాతలేంటి?”

“పిన్నీ, అది ఎవరికైనా పంపిందా?”

“పంపడమేంటి, నెట్‌లోనే పెట్టిందంట కదా!”

“పెట్టింది. కానీ లాగిన్ అయినవాళ్లకే కనపడుతుంది. దాని పేరు కూడా ఉండదు. వాళ్లని ఎక్కడా ట్యాగ్ చేయదు.”

పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: “అది సరేలే. రేపు ఆ పాటలు పాడే పిల్లోడి తల్లి చూస్తే ఆమె ప్రాణం ఎట్లా ఉంటుంది?”

పిన్ని అడిగినవి రెండు ప్రశ్నలు. మన దగ్గర అందరూ మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. ఆడపిల్ల ఇలాంటివి రాయొచ్చా అన్నది. దానికి ఈ ఊళ్లో కూర్చుని జవాబు వెతుక్కోవడం ఏమంత కష్టం కాదు. బెంగళూరు అన్న ఊరిపేరునే ఇంటిపేరులా మోసిన గాయని నాగరత్నమ్మ ఉంది కదా. తంజావూరు కొలువులో ఉన్న ముద్దుపళని రాసిన రాధికా సాంత్వనం కావ్యాన్ని, పాత ముద్రణలో ఎగరగొట్టిన పద్యాలతో సహా పరిష్కరించి 1910లో వావిళ్ల వారి చేత అచ్చువేయించింది. అంతకుముందే కందుకూరి వీరేశలింగం ఆ కావ్యంలో ఆడవాళ్లు వినకూడని మాటలున్నాయని తీసిపారేశారు. నాగరత్నమ్మ ఊరుకోలేదు. సిగ్గు ఆడవాళ్లకే ఉండాలా, మగ కవులు ఇంతకన్నా పచ్చిగా రాసినప్పుడు ఎవరూ అడగలేదేమని నిలదీసింది. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం హయాంలో గానీ ఆ నిషేధం పోలేదు. నూరేళ్లు దాటినా మా పిన్ని మొదటి ప్రశ్న అక్కడే ఉంది. నా వరకు అది తేలిపోయిన ప్రశ్న. 24 ఏళ్ల అమ్మాయికి కోరిక ఉంటుంది, దాన్ని కథగా రాసుకునే హక్కు ఉంటుంది.

రెండో ప్రశ్న మాత్రం అలా తేలదు. ముద్దుపళని రాసింది రాధాకృష్ణుల మీద. కానీ అదే తంజావూరులో, నాయక రాజుల కాలంలో, బతికున్న రాజునే నాయకుణ్ణి చేసిన శృంగార రచనలూ వచ్చాయి. రంగాజమ్మ రాసిన మన్నారుదాస విలాసంలో కథానాయకుడు ఆమెను ఆదరించిన విజయరాఘవ నాయకుడే. ఆయన ఆమెకు కనకాభిషేకం చేశాడని చెబుతారు. అంటే తన ప్రేమ కథ తన కొలువులోనే రాయించుకున్న మనిషి ఆయన, అది ఆయన వైభవంలో భాగం. ఇష్టం లేకపోతే ఆ కావ్యం అసలు పుట్టేదే కాదు. ఇవాళ్టి నటికి, గాయకుడికి ఆ అధికారం లేదు. వాళ్లని అడగకుండానే రాస్తారు, వాళ్లు ఆపమన్నా ఆగదు. అందుకే వాళ్ల మనసు ఎక్కడ నొచ్చుకుంటోందో మనమే చూసుకోవాలి.

ఈ విషయంలో నేను ఎక్కువగా ఆలోచించింది లూయిస్ టామ్లిన్సన్ అనే గాయకుడి గురించి. వన్ డైరెక్షన్ అనే పాప్ బ్యాండులో అతనూ హ్యారీ స్టైల్స్ ప్రేమలో ఉన్నారని వేలమంది అభిమానులు నమ్మారు. కథలు రాసుకుని ఊరుకుంటే అది వేరు. ఇంటర్వ్యూలలో చూపులు లెక్కపెట్టారు, అతని గర్ల్‌ఫ్రెండ్‌ని నటి అన్నారు, చివరికి అతనికి కొడుకు పుడితే ఆ బిడ్డే అబద్ధం అన్నవాళ్లున్నారు. ఆ గొడవ వల్ల తనకీ హ్యారీకీ మధ్య ఉన్న స్నేహమే బిగుసుకుపోయిందని అతను బయటికే చెప్పాడు. 2019లో యుఫోరియా అనే అమెరికన్ సిరీస్‌లో వాళ్లిద్దరి మీద ఒక శృంగార దృశ్యాన్ని యానిమేషన్‌గా చూపించారు. ఒక అభిమాని రాసుకున్న కథగా పెట్టారు దాన్ని. తనను ఎవరూ సంప్రదించలేదని, తాను ఒప్పుకోలేదని లూయిస్ అప్పుడు చెప్పాడు. ఏళ్ల తరబడి ఏ మూలనో తాళం వెనక ఉన్న కథలు అతని జీవితాన్ని ఇంతగా కదిలించి ఉంటాయని నేననుకోను. కథని నిజమని వాదించడం, ఆ వాదనని అతని ముందూ అతని ఇంట్లోవాళ్ల ముందూ పెట్టడం, ఆ తర్వాత ఒక పెద్ద ఛానెల్ దాన్ని ఇంటింటికీ చేర్చడం, దెబ్బ వీటి వల్ల తగిలింది.

గోడ దూకేది ఎప్పుడూ అభిమానులేనని కూడా అనలేం. 2013 డిసెంబరులో లండన్‌లో షెర్లాక్ సిరీస్ కొత్త భాగం ప్రదర్శన తర్వాత, కార్యక్రమం నడిపిన జర్నలిస్టు ఒక అభిమాని రాసిన కథ కాగితం తెచ్చి నటులు బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్, మార్టిన్ ఫ్రీమన్‌ల చేత స్టేజి మీద చదివించింది. జనం నవ్వారు. నటులు ఇబ్బంది పడ్డారు. ఆ కథ రాసిన అమ్మాయిని ఎవరూ అడగలేదు. టాక్ షోలలో అభిమానుల బొమ్మలు తెచ్చి నటుల ముందు పెట్టి పగలబడి నవ్వడం కూడా ఇదే పని. ఆ నటుడు నవ్వకపోతే ముభావి అంటారు, నవ్వితే ఆయనకి అంతా ఓకే అనుకుంటారు. కెమెరా ముందు నవ్విన నవ్వుని ఒప్పుకోలుగా తీసుకోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. మన సినిమా ఈవెంట్లలో యాంకర్ ఒక వెకిలి మాట అంటే హీరోయిన్ నవ్వేసి మైకు పక్కకి తిప్పుతుంది చూడండి, ఆ నవ్వులాంటిదే అది.

బ్యాన్ చేసేస్తే పోతుందా? చైనాలో చేసి చూశారు. 2020 ఫిబ్రవరిలో నటుడు షియావో జాన్ మీద ఎవరో రాసిన ఒక కథ అతన్ని అవమానించిందని అతని అభిమానులే మూకుమ్మడిగా ఫిర్యాదులు పెట్టారు. నెలాఖరుకి ఏఓ త్రీ సైటు మొత్తం ఆ దేశంలో ఆగిపోయింది. అతనితో ఏ సంబంధం లేని లక్షల కథలు కూడా వాటిని చదువుకునేవాళ్లకి అందకుండా పోయాయి. కోపమంతా తిరిగి ఆ నటుడి మీదే పడింది. అతను ప్రకటనలు చేసే బ్రాండ్ల బహిష్కరణ మొదలైంది, చివరికి అతని స్టూడియో క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. తనకి మేలు చేస్తున్నామనుకున్న అభిమానుల వల్ల అతను అంత నష్టపోయాడు.

కొరియా సంగతి నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. 2021 జనవరిలో అక్కడ గాయకుల మీద రాసే పచ్చి కథల్ని శిక్షించాలని అధ్యక్ష భవనానికి పెట్టిన అర్జీ మీద 2 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ రోజుల్లోనే గాయనుల డీప్‌ఫేక్ వీడియోల మీద మరో అర్జీ లేచింది. ఆ కథల మీద వచ్చిన ఆరోపణల్లో ఒకటి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ గాయకుల్లో కొందరు పద్దెనిమిది నిండనివాళ్లు. పిల్లల మీద అలాంటి కథ రాయడానికి ఊహ అన్న సాకు పనికిరాదు, తాళం వేసినా పనికిరాదు. మా అభిమానుల గ్రూపులో ఇది చర్చకి కూడా పెట్టం.

పెద్దవాళ్ల విషయానికొస్తే, నేను మూడు సంగతులు చూస్తాను. అది ఆ మనిషి దగ్గరికి వెళ్తోందా? నిజమని చెప్పుకుంటోందా? ఆ మనిషి ముఖాన్ని, ఒంటిని, గొంతుని వాడుకుంటోందా? మా చెల్లెలి కథలో రాసింది దాని మాటలు, దాని ఊహ. చదివే ప్రతివాళ్లకీ అది కల్పన అని మొదటి వాక్యానికి ముందే తెలుస్తుంది. డీప్‌ఫేక్‌లో ఆ ముఖం రష్మికదే. చూసిన వందమందిలో సగంమంది నమ్ముతారు, నమ్మనివాళ్లు కూడా చూసేస్తారు. ఇంకో అమ్మాయి ఒళ్లు కూడా ఆమెకి తెలియకుండానే వాడేశారు, ఆమె గురించి మాట్లాడినవాళ్లే తక్కువ. తాను స్కూల్లోనో కాలేజీలోనో ఉన్నప్పుడు ఇలా జరిగి ఉంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేనని రష్మిక అప్పుడు రాసింది. పేరున్న నటికే అంత భయమేస్తే, పీజీ గదిలో ఉండే అమ్మాయి సంగతి ఏమిటి?

మన చట్టం ఈ తేడాని సరిగ్గా చూడటం లేదని నా బాధ. ఐటీ చట్టంలో 67, 67ఏ సెక్షన్లు అసభ్యమైనది, లైంగికమైనది ఆన్‌లైన్‌లో పెట్టినా పంపినా నేరం అంటాయి, మూడేళ్లు, అయిదేళ్ల దాకా జైలు. ఒప్పుకున్నారా లేదా అన్న ప్రశ్నే ఆ మాటల్లో లేదు. ఎంత పచ్చిగా ఉందన్నదే కొలత. ఎవరైనా పనిగట్టుకుని ఫిర్యాదు చేస్తే మా చెల్లెలి కథ కూడా ఆ కొలతలోకి వస్తుంది. రష్మిక కేసులోనేమో పోలీసులు ఫోర్జరీ, గుర్తింపు దొంగతనం, వ్యక్తిగత గోప్యత సెక్షన్లు పెట్టాల్సి వచ్చింది. డీప్‌ఫేక్ నేరంలో అసలు సంగతి అదేగా, ఆమెను దొంగిలించడం. అందుకే 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకి వెళ్లి తన పేరు, రూపం, గొంతు వాడకుండా రక్షణ తెచ్చుకున్నప్పుడు, చిరంజీవి తన మీద చేసిన అశ్లీల డీప్‌ఫేక్‌ల గురించి హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులకి ఫిర్యాదు చేసినప్పుడు నాకు మంచిదే అనిపించింది. అంత పెద్ద హీరోలు కూడా ఇది తమకి జరిగిందని బయటికి చెప్పారు. హీరోయిన్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదే అది, అప్పుడు విన్నవాళ్లు తక్కువ.

హీరోయిన్ల మార్ఫింగ్ ఫొటోలు మన దగ్గర ఏఐ రాకముందునుంచీ ఉన్నాయి. పోటీ హీరో పక్కన నటించిందని ఒకరిని, మా హీరో గురించి సరిగ్గా మాట్లాడలేదని ఒకరిని. 2020 జూన్‌లో నటి మీరా చోప్రా ట్విట్టర్‌లో ఒక ప్రశ్నకి జవాబిస్తూ ఫలానా తెలుగు హీరో అభిమానిని కాదని చెప్పినందుకు, అత్యాచారం చేస్తామన్న బెదిరింపులు వచ్చాయని ఆమె ఫిర్యాదు చేసింది. అవి పంపినవాళ్లు ఫ్యాన్ ఫిక్షన్ చదివే అమ్మాయిలు కారు. కటౌట్‌కి పాలు పోసే చేతులే అవి. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే ఆ గుంపులో నాకు బాగా తెలిసిన అన్నయ్యలు, తమ్ముళ్లు ఉన్నారు. బెనిఫిట్ షోకి నేనూ వాళ్లతో వెళ్తాను, కాగితాలు ఎగరేస్తాను. అంతలోనే ఆ ఫోన్లలో ఏం ఫార్వర్డ్ అవుతోందో కూడా చూశాను.

ఈ ఊరు 2024 జూన్‌లో ఇంకా ఘోరం చూసింది. కన్నడ నటుడు దర్శన్ అభిమాని, చిత్రదుర్గ యువకుడు ఒకరు, దర్శన్‌కి సన్నిహితురాలైన పవిత్రా గౌడకి అసభ్య మెసేజ్‌లు పంపాడని ఆరోపణ. అతణ్ణి బెంగళూరు తీసుకొచ్చి కొట్టి చంపారని పోలీసుల కేసు. సుమనహళ్లి దగ్గర కాలువ పక్కన శవం దొరికింది. దర్శన్, పవిత్ర నిందితులు, అభిమాన సంఘం మనుషులు కూడా నిందితులే. నిజానిజాలు కోర్టు తేల్చాలి. కానీ ఆ రోజుల్లో పోలీస్ స్టేషన్ బయట గుమిగూడిన జనాన్ని టీవీలో చూస్తూ నాకు అనిపించింది ఇదీ: ఒక ఆడమనిషి ఫోన్‌కి అడగని బొమ్మ, అడగని మాట పంపినప్పుడే ఫిర్యాదు తీసుకుని చర్య తీసుకునే వ్యవస్థ గట్టిగా ఉండి ఉంటే, ఎవరి చేతుల్లోకీ ఏ శిక్షా వెళ్లేది కాదు. చంపడానికి ఏ సమర్థనా లేదు. మెసేజ్ పంపడానికీ లేదు.

ఇక మిగిలింది నా స్నేహితులతో నాకు కుదరని చోటు. ఒక నటుడో గాయనో “నా మీద ఇలాంటివి రాయొద్దు, నాకు బాధగా ఉంది” అని స్పష్టంగా చెబితే? చదవకుండా ఉంటే సరిపోతుందిగా, కల్పన మీద ఎవరికీ వీటో ఉండదు అంటారు చాలామంది. వాదనగా అది నిలబడుతుంది. నేను మాత్రం ఆపాలంటాను. నోట్‌బుక్‌లో రాసుకో, స్నేహితురాలికి చదివి వినిపించు, ఆన్‌లైన్‌లో పెట్టకు. తాళం వేసిన పేజీ కూడా స్క్రీన్‌షాట్ అయి బయటికి వస్తుంది, అది వాళ్లకీ తెలుసు, మనకీ తెలుసు. ఇష్టపడి మొదలుపెట్టిన పని ఇది. ఆ మనిషే నొప్పి పుడుతోందని చెప్పాక నా హక్కు గురించి వాదించడానికి నాకు నోరు రాదు. మా చెల్లెలు ఇంకా దీనికి ఒప్పుకోలేదు. “అక్కా, అలా అయితే అందరూ వద్దనే అంటారు” అంటుంది. అందరూ అనరు, కొందరు సరదాగా తీసుకుంటారు, ఎక్కువమంది చూడనట్టు ఉంటారు. అన్నవాళ్ల మాట వింటే మిగతావాళ్ల మీద రాసుకునే స్వేచ్ఛ ఇంకా గట్టిపడుతుందని నేనంటాను. పిన్నికి కూడా ఇదే చెప్పాను. ఆ పిల్లోడి తల్లికి ఎప్పటికీ కనపడకుండా చూసుకోవడం రాసేవాళ్ల బాధ్యత, అతనే వద్దంటే తీసేయడం కూడా వాళ్ల బాధ్యతే అని. పిన్ని పూర్తిగా ఒప్పుకోలేదు. కూతురి ల్యాప్‌టాప్ మాత్రం ఇక ఎవరినీ ముట్టుకోనివ్వనంది.

బెంగళూరులో తెలుగు హీరోల, హీరోయిన్ల ఫ్యాన్ పేజీలు నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, మారతహళ్లిలో, మడివాలలో, నా పక్క వీధిలో. వాళ్లని ఒకటే అడుగుతున్నాను. మీ ఇన్‌బాక్స్‌కి మీ హీరోయిన్‌దో, పోటీ హీరోయిన్‌దో మార్ఫింగ్ బొమ్మ వస్తే “ఛీ, చూడండి ఎలా చేశారో” అని కూడా షేర్ చేయకండి. రిపోర్ట్ కొట్టండి, పంపినవాణ్ణి గ్రూపులోంచి తీసేయండి, కేంద్రం నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పోటీ హీరోయిన్‌ది అయినప్పుడు కూడా.